తొట్టి నీరు: తేట వేరు, శుభ్రత వేరు

నీరు ప్రాణాధారమని తెలియనివారు లేరు. త్రాగు నీటిని గూర్చి మనమందరము ఎంతో కొంత జాగ్రత్త వహించుచునే ఉన్నాము. కాచి చల్లార్చుదుము, వడకట్టుదుము, మూత పెట్టుదుము. కాని త్రాగుటకు గాక ఆడుకొనుటకు పెట్టిన నీటిని గూర్చి ఆలోచించువారు అరుదు. ఎండకాలము వచ్చినంతనే పట్టణములలో డాబాల మీద, వాకిళ్ళలో, అపార్టుమెంట్ల వరండాలలో రంగురంగుల ప్లాస్టిక్ తొట్లు వెలయుచున్నవి. గాలి ఊది నింపునవి కొన్ని, గట్టి ప్లాస్టిక్‌తో చేసినవి కొన్ని. వాటిలో నీరు నింపి పిల్లలను దింపినచో వారి ఆనందమునకు మేర ఉండదు. ఎండ 40 డిగ్రీలు దాటిన వేళ ఆ ఆనందమును కాదనుట మా ఉద్దేశము కాదు. ఆ నీటిని ఎట్లు శుభ్రముగా ఉంచవలెనన్నదే ఈ వ్యాసమున మేము వివరింపదలచిన విషయము.

విషయము చిన్నదిగా తోచవచ్చును. కాని ఇందు ముగ్గురి క్షేమము ఇమిడి ఉన్నది. మొదటిది తొట్టిలో దిగు పసివారిది, రెండవది ఇరుగుపొరుగువారిది, మూడవది వేసవిలో బిందె నీటికై ఎదురుచూచు ఊరిది. తొట్టి నీరు చెడినచో బిడ్డకు విరేచనములు, ఆ నీరు నిలిచినచో వీధికి దోమలు, ఆ నీరు వృథా అయినచో ఊరికి కొరత. ఈ మూడింటిని ఒక్కసారిగా తప్పించుట సాధ్యమా? సాధ్యమేనని, అందుకు మందులకంటె ఒక చిన్న లెక్కయే ఎక్కువ ఉపకరించునని మేము చెప్పగోరుచున్నాము.

తొట్టికి, ఈత కొలనుకు గల భేదము

మొదట ఈ రెండింటికి గల భేదమును గ్రహింపవలెను. పోటీలు జరుగు పెద్ద ఈత కొలను 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు కలిగి ఉండును. అందు పట్టు నీరు 25 లక్షల లీటర్లు. రెండు వందల మంది ఒకేసారి దిగినను ఒక్కొక్కరి వంతునకు 12,500 లీటర్లు వచ్చును. అంతటితో ఆగక, అచ్చటి నీటిని పంపులు లాగి, ఇసుక పొరల గుండా వడపోసి, మరల కొలనులోనికి పంపుచుండును. నీటిలో క్లోరిన్ ఎంత ఉన్నదో, ఆమ్లత క్షారతలు ఎట్లున్నవో పనివారు దినమునకు పలుమార్లు పరీక్షింపవలసి ఉండును.

ఇక మన ఇంటి తొట్టి సంగతి చూడుడు. నాలుగు అడుగుల వెడల్పు గల గుండ్రని తొట్టిలో 30 సెంటీమీటర్ల లోతున నీరు నింపినచో అది సుమారు 340 లీటర్లు. అనగా 15 లీటర్లు పట్టు బిందెలు దాదాపు 23. ముగ్గురు పిల్లలు దిగినచో ఒక్కొక్కరి వంతు ఏడెనిమిది బిందెలు మాత్రమే. ఇచ్చట పంపు లేదు, వడపోత లేదు, పరీక్షించువాడు లేడు. పెద్ద కొలనులో కలిసిన మాలిన్యము పలుచనై, కొంత వడపోతలో చిక్కి, కొంత క్లోరిన్‌చే నశించును. తొట్టిలో కలిసినది తొట్టిలోనే ఉండును. కనుక పెద్ద కొలనుకు చెప్పిన పద్ధతులను పరిమాణము తగ్గించి తొట్టికి అన్వయించిన పని జరుగదు. తొట్టికి తొట్టి పద్ధతియే కావలెను.

నీరు చెడు విధము

తొట్టిలో దిగు బిడ్డ తనతో ఏమేమి తెచ్చునో గమనింపుడు. కాళ్ళకు మట్టి, ఒంటికి చెమట, తలకు రాచిన కొబ్బరి నూనె, మెడకు పౌడరు, గోళ్ళలో మురికి. ఇవి కంటికి కనబడునవి. కంటికి కనబడనివి ఇంతకంటె ముఖ్యమైనవి. స్నానము చేయక నీటిలో దిగిన మనిషి దేహమునుండి సగటున 0.14 గ్రాముల మలాంశము నీటిలో కలియునని అమెరికా దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రములవారు లెక్క కట్టినారు. కడుగుకొనుట ఇంకను రాని పసివారి విషయమున ఇది ఎక్కువగా ఉండుట సహజము. తొట్టిలోనే మూత్రము విడుచుట పిల్లలకు పరిపాటి. డైపరు తొడిగినంత మాత్రమున రక్షణ కలుగునని తలపరాదు. అది గట్టి మలమును కొంతసేపు ఆపునేమో గాని, నీళ్ళ విరేచనమును, సూక్ష్మజీవులను ఆపజాలదు.

పిల్లలు ఆటలో నీరు మ్రింగుదురు. ఒకరినొకరు చల్లుకొందురు. తొట్టి అంచున నోరు పెట్టుదురు. అందుచేత ఒక బిడ్డ కడుపులోని వ్యాధి మరియొక బిడ్డ కడుపులోనికి చేరుటకు ఈ నీరు చక్కని వాహనమగును. రక్త విరేచనములను కలిగించు షిగెల్లా అను సూక్ష్మజీవులు పది మొదలు వంద లోపునైనను కడుపులోనికి పోయినచో వ్యాధి రావచ్చును. అన్ని జీవులు ఉండుటకు ఒక్క నీటి చుక్క చాలును.

1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్రమున ఒక జలక్రీడా స్థలములో పిల్లల కొలను వలన ఇ. కోలై ఒ157 అను ప్రమాదకరమైన సూక్ష్మజీవి వ్యాపించి, 26 మందికి వ్యాధి సోకినట్లు పరీక్షలలో తేలినది. ఒక పసిబిడ్డ మరణించినది. ఆ కొలనులో క్లోరిన్ ఉండవలసినంత లేకపోవుటయే దీనికి కారణమని విచారణలో తెలిసినది. ఉపకరణములు గల చోటనే ఇట్లు జరిగినప్పుడు, ఏ ఉపకరణమును లేని ఇంటి తొట్టిని గూర్చి మనము మరింత జాగరూకులమై ఉండవలెను గదా!

వెచ్చదనము ఈ చెడుగునకు తోడగును. లోతు తక్కువైన నీరు ఎండకు త్వరగా వెచ్చబడును. వెచ్చని నీటిలో మురికియే ఆహారముగా సూక్ష్మజీవులు పెరుగును. రెండవ దినమున తొట్టి అడుగున వ్రేలు పెట్టి రాచినచో జారుడుగా తగులును. అది ప్లాస్టిక్ చేసిన దోషము కాదు. సూక్ష్మజీవులు తమ చుట్టు అల్లుకొన్న జిగురు పొర. ఆ పొర చాటున ఉన్న జీవులను మందులు సులభముగా చేరజాలవు. చర్మము మీద ఎఱ్ఱని పొక్కులను, చెవిపోటును కలిగించు సూడోమోనాస్ జాతి జీవులు ఇట్టి పొరలలోనే నిలువ చేరును. మూడు నాలుగు దినములకు నీటికి పచ్చదనము వచ్చును. అది నాచు మొదలైనదనుటకు గుర్తు.

వెచ్చని నిలువ మంచినీటిలో ఉండు నెగ్లీరియా ఫౌలెరీ అను అమీబా ముక్కు ద్వారా మెదడును చేరి ప్రాణాంతకమగును. 2024లో కేరళ రాష్ట్రమున ఇట్టి వ్యాధి వలన పిల్లలు మరణించుట మనకు తెలిసినదే. ఈ వ్యాధి మిక్కిలి అరుదు. దీనికై భయపడి పిల్లలను నీటికి దూరముగా ఉంచనక్కరలేదు. కాని దినములు గడచిన వెచ్చని నీటిలో తలలు ముంచనీయరాదనుటకు ఇది ఒక హెచ్చరిక.

తేట నీరంతయు శుభ్రమైన నీరు కాదు

నీరు తేటగా కనబడినంతనే శుభ్రమైనదని తలచుట లోకసహజము. ఈ భ్రమ తొలగవలెను. సూక్ష్మజీవులు కోట్లకొలది ఉన్నను నీరు అద్దమువలె ఉండవచ్చును. మన పెద్దలు బురద నీటిని తేర్చుటకు పటికను, ఇందుపగింజను వాడినారు. బిందె అడుగున ఇందుపగింజను అరగదీసి నీరు పోసినచో మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకొని అడుగునకు దిగును. పటిక చేయు పనియు ఇదియే. నగరముల నీటి శుద్ధి కేంద్రములలో నేటికిని పటికను ఇందుకొరకే వాడుచున్నారు. కాని అచ్చట తేరిన నీటిని కదలనీయక పై నీటిని మాత్రము తీసికొని, ఇసుకలో వడపోసి, ఆపై క్లోరిన్ కలుపుదురు. తొట్టిలో పటిక వేసినచో మురికి అడుగునకు దిగునే గాని తొట్టినుండి బయటకు పోదు. పిల్లవాడు ఒక్క గెంతు గెంతినంతనే అది మరల పైకి లేచును.

వేపాకులు, పసుపు, ఉప్పు వేసినచో నీరు చెడదని కొందరి నమ్మకము. చేతికి దొరికినంత ఆకు, గుప్పెడు ఉప్పు, చిటికెడు పసుపు 340 లీటర్ల నీటిలోని సూక్ష్మజీవులను నశింపజేయజాలవు. పైగా ఆకులు కుళ్ళి సూక్ష్మజీవులకు ఆహారమగును.

"ఎండ పడుచున్నది గదా, ఎండయే చంపివేయును" అని మరికొందరి వాదము. ఎండకు క్రిములను చంపు శక్తి కలదన్న మాట సత్యమే. మంచి ఎండలో ఆరు గంటలు ఉంచి త్రాగు నీటిని శుద్ధి చేయు పద్ధతి ఒకటి కలదు. కాని అది తేట నీటిని రెండు లీటర్లకు మించని స్వచ్ఛమైన సీసాలలో పోసి, మూత బిగించి, పరుండబెట్టి చేయు పని. తెరచిన తొట్టిలో, క్షణక్షణము క్రొత్త మాలిన్యము కలియు చోట, ఎండకు ఆ అవకాశము లేదు. ఎండ మనకు తప్పక సాయపడును. కాని నీరున్న తొట్టికి కాదు, నీరు పారబోసిన తొట్టికి. ఆ సంగతి ముందు చెప్పుదుము.

బ్లీచింగు పొడి వేసిన చాలదా?

రసాయన శాస్త్రము చదువు విద్యార్థులు ఈ ప్రశ్న అడుగుట న్యాయమే. 1908లో అమెరికాలోని జెర్సీ నగరమున త్రాగు నీటికి ఎడతెగక క్లోరిన్ కలుపుట ఆరంభమైనది. ఆ పద్ధతి లోకమంతట వ్యాపించి లెక్కకు మించిన ప్రాణములను కాపాడినది. అట్టి మందు తొట్టికేల పనికిరాదు?

మొదటి చిక్కు కొలతది. మంచి బ్లీచింగు పొడిలో పనికివచ్చు క్లోరిన్ సుమారు 33 శాతము. ఈత కొలనులలో లీటరుకు 1 నుండి 3 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంచుట వాడుక. మన 340 లీటర్ల తొట్టికి లీటరుకు 1 మిల్లీగ్రాము కావలెనన్నచో పొడి ఒక్క గ్రాము చాలును. ఒక గ్రామును వంటింటి చెంచాతో కొలుచుట ఎవరి తరము? 5 గ్రాములు పట్టు చెంచాతో వేసినచో లీటరుకు సుమారు 5 మిల్లీగ్రాములగును. అదే తొట్టిలో నీరు మూడవ వంతే ఉన్నచో 15 మిల్లీగ్రాములకు చేరును. పసివారి కండ్లు మండును, చర్మము చిట్లును, మ్రింగినచో వాంతి వచ్చును. పొడి పాతబడినదైనచో దాని బలము ఎంత మిగిలినదో చెప్పలేము. అప్పుడు చెంచాడు వేసినను చాలకపోవచ్చును.

రెండవ చిక్కు నిలకడది. నడియెండలో నీటిలోని క్లోరిన్ రెండు గంటలలోనే చాలావరకు నశించును. మిగిలినది పిల్లల చెమటతోను, మూత్రముతోను కలిసి క్లోరమీనులుగా మారి బలహీనపడును. ఈత కొలనుల వద్ద ముక్కును గుచ్చు వాసన క్లోరిన్ అధికముగా ఉండుటవలన వచ్చునని అనేకులు తలచుచున్నారు. ఆ వాసన ముఖ్యముగా క్లోరమీనులది. అనగా క్లోరిన్ మురికితో పోరాడి అలసిపోయినదనుటకు గుర్తు.

మూడవ చిక్కు కాలమునకు సంబంధించినది. నీటి ఆమ్లత క్షారతలు సరిగా ఉండి, లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఎడతెగక ఉన్నచో ఇ. కోలై జీవులు ఒక్క నిమిషములోపల చచ్చును. కామెర్లను కలిగించు హెపటైటిస్ ఎ జీవాణువునకు సుమారు 16 నిమిషములు పట్టును. జియార్డియాకు సుమారు 45 నిమిషములు. క్రిప్టోస్పోరిడియం అను జీవికి పది దినములకు పైగా పట్టును! 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరమున ఈ చివరిదే త్రాగు నీటిలో చేరి సుమారు 4 లక్షల మందిని జబ్బు పరచినది. కనుక "మందు వేసినాము, ఇక భయము లేదు" అని మరునాడు అదే నీటిలో పిల్లలను దింపుట తగదు.

మరియొక ప్రమాదమును గూర్చి గట్టిగా హెచ్చరింపవలెను. బ్లీచింగు పొడిని మరుగుదొడ్లు కడుగు ఆమ్లముతో ఎన్నడును కలుపరాదు. కలిపినంతనే క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరితిత్తులను దెబ్బతీయును.

నిలిచిన నీరు, దోమల పుట్టిల్లు

దోమలను గూర్చి చెప్పునప్పుడు మన సికిందరాబాదును తలచుకొనకుండుట సాధ్యము కాదు. 1897 ఆగస్టు 20న సర్ రోనాల్డ్ రాస్ అచ్చటనే, మలేరియా రోగి రక్తమును త్రాగిన అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. ఆ పరిశోధనకే 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. దోమకును జబ్బుకును గల సంబంధము ప్రపంచమునకు తేటతెల్లమైన చోట నివసించు మనము, దోమలకు మన చేతులతోనే ఇల్లు కట్టి ఇచ్చుట ఉచితమా?

డెంగీని, చికున్‌గున్యాను మోసుకొనివచ్చునది అనాఫిలిస్ కాదు. ఒంటి మీద తెల్లని చారలు గల ఈడిస్ ఈజిప్టి అను పగటి దోమ. దీనికి మురికి కాలువలు అంతగా ప్రియము కావు. ఇంటి చుట్టు నిలిచిన తేట నీరే దీనికి ఇష్టము. పూలకుండీ క్రింది పళ్ళెము, కూలరు అడుగు, పాత టైరు, మూత లేని డ్రమ్ము, పిల్లల తొట్టి, అన్నియు దానికి అనుకూలమైనవే. గ్రుడ్డు పొదిగి, పురుగై, రెక్కల దోమగా మారుటకు వెచ్చని దినములలో 7 నుండి 10 దినములు పట్టును. వారమునకొక దినము నీటి పాత్రలన్నియు ఒలికించి ఆరబెట్టు పొడిదినమును పాటింపుడని ఆరోగ్య శాఖవారు చెప్పుట ఈ లెక్క మీదనే.

ఇచ్చట గమనింపవలసిన సూక్ష్మము ఒకటి కలదు. ఈడిస్ దోమ గ్రుడ్లను నీటి మీద గాక, నీటి అంచునకు కొంచెము పైన తొట్టి గోడకు అంటించును. ఆ గ్రుడ్లు నీరు లేకున్నను నెలల తరబడి చావక ఉండి, మరల నీరు తగిలినప్పుడు పొదుగును. కనుక నీరు పారబోయుట ఒక్కటే చాలదు. గోడలను పీచుతో రాచి కడుగవలెను. వేసవి కాగానే తొట్టిని కడుగక మడిచి అటక మీద పెట్టినవారు, మరుసటి ఏడు నీటితో పాటు దోమలను కూడ పెంచినవారగుదురు.

ఒక చిన్న లెక్క

ఇంతవరకు చెప్పినదానినిబట్టి వడపోత లేని తొట్టికి మార్గమొక్కటే అని తేలుచున్నది: ఏనాటి నీరు ఆనాటికే. ఆట ముగిసినంతనే పారబోయవలెను. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రములవారును ఇట్టి చిన్న తొట్లను వాడిన వెంటనే ఒలికించి, కడిగి, కనీసము నాలుగు గంటలు ఎండలో ఆరబెట్టవలెననియే చెప్పుచున్నారు.

కాని మన దేశమున ఈ మాట చెప్పుట సులభము, చేయుట కష్టము. నీళ్ళ ట్యాంకరు కొరకు కండ్లు కాయలు కాచునట్లు ఎదురుచూచు వీధిలో ప్రతిదినము 23 బిందెల నీరు పారబోయుడని చెప్పుట ధర్మమగునా? 2019లో ఆరంభమైన జల్ జీవన్ మిషన్ ప్రకారము గ్రామములలో మనిషికి దినమునకు అందవలసిన నీరు 55 లీటర్లు. 340 లీటర్లనగా ఆరుగురి ఒకనాటి భాగము. అందుకే అనేక గృహములలో "పాపము, నీరు వృథా ఏల?" అని అదే నీటిని మూడు నాలుగు దినములు ఉంచుచున్నారు. వారి ఉద్దేశము మంచిదే. ఫలము మాత్రము చెడ్డది.

ఈ చిక్కు విడివడు ఉపాయము లోతులో ఉన్నది. 30 సెంటీమీటర్ల లోతున నింపిన తొట్టిని మూడు దినములు వాడినచో అయిన ఖర్చు 340 లీటర్లు. అదే తొట్టిలో 10 సెంటీమీటర్ల లోతున దినమునకొకసారి క్రొత్త నీరు పోసినచో దినమునకు 113 లీటర్లు; మూడు దినములకు సుమారు 340 లీటర్లే! ఒక్క బిందె కూడ ఎక్కువ కాలేదు. కాని మొదటి పద్ధతిలో మూడవనాటి బిడ్డ మూడు దినముల మురికిలో కూర్చుండును. రెండవ పద్ధతిలో ప్రతిదినము క్రొత్త నీటిలో ఆడుకొనును. నీటి పొదుపు లోతులో చేయవలెను గాని దినములలో చేయరాదు. ఈ వ్యాసములో గుర్తుంచుకొనవలసిన మాట ఒక్కటి ఉన్నచో అది ఇదే.

పది సెంటీమీటర్ల నీటిలో ఆట ఏమున్నదని అడుగవచ్చును. కూర్చున్న పసివానికి ఆ నీరు తొడలను తడుపును. ఒక మగ్గు, రెండు డబ్బాలు, ఒక జల్లెడ చేతికిచ్చినచో గంటసేపు వానికి వేరే లోకము అక్కరలేదు. చల్లదనము నీటి లోతువలననే గాక తడియారుట వలన కూడ కలుగునని భౌతిక శాస్త్ర విద్యార్థులు ఎరుగుదురు. తొట్టిని చెట్టు నీడకు జరిపినచో ఆ చల్లదనము మరింత సేపు నిలుచును.

వాడిన నీరు మరల నిలువ నీటిలో కలియరాదన్న నియమము మన పెద్దలకు తెలియనిది కాదు. మసీదు హౌజు అంచున కూర్చుండి కడుగుకొనువారి నీరు, సాధారణముగా, చుట్టునున్న కాలువలోనికి జారునట్లు ఏర్పాటు ఉండును. ఇండ్లలో గోలెము నీటిని చెంబుతో ముంచి పోసుకొందురు గాని గోలెములో దిగరు. తొట్టి కొనలేనివారు చింతింపనక్కరలేదు. రెండు బిందెల నీటిని చెంబుతో పోయుచు ఆడించిన బిడ్డ, తొట్టిలోని బిడ్డకంటె శుభ్రముగా ఉండును.

ఆచరింపదగిన విధానము

మొదటిది: కుళాయి ద్వారా వచ్చు శుద్ధి చేసిన నీటినే తొట్టికి వాడుట మేలు. చెరువు నీరు, మూత లేని బావి నీరు పోయరాదు. పైపులో ఎండకు కాగిన మొదటి నీటిని విడిచిపెట్టి, మోచేతితో వేడిని చూచిన పిదప బిడ్డను దింపవలెను.

రెండవది: తొట్టిలో దిగుటకు ముందు ప్రతి బిడ్డకు సబ్బుతో స్నానము చేయింపవలెను, ముఖ్యముగా వెనుక భాగమును చక్కగా కడుగవలెను. కాళ్ళు కడుగుటకు తొట్టి ప్రక్కన ఒక చెంబు నీరు ఉంచవలెను. నడుమ నడుమ పిల్లలను లేపి మూత్రమునకు పంపవలెను.

మూడవది: విరేచనములగుచున్న బిడ్డను తొట్టిలో దింపరాదు. వైద్యుడు క్రిప్టోస్పోరిడియం అని చెప్పినచో విరేచనములు ఆగిన తరువాత కూడ రెండు వారములు ఆగవలెను.

నాలుగవది: తొట్టిలో మలము పడినచో పిల్లలందరిని వెంటనే బయటకు తీసి, సబ్బుతో కడిగి, ఆ నీటిని మరుగుదొడ్డిలో పోయవలెను. బకెట్ నీటిలో రెండు చెంచాల బ్లీచింగు పొడి కలిపి, పెద్దవారు బయటి గాలిలో తొట్టిని రాచి, పది పదిహేను నిమిషములు ఉంచి, మంచి నీటితో కడుగవలెను. బ్లీచింగు పొడి పనికివచ్చు చోటు ఇదియే: ఖాళీ తొట్టి, నిండు తొట్టి కాదు.

అయిదవది: ఆట ముగిసినంతనే నీటిని ఒలికించి, సబ్బు, పీచులతో అడుగును, గోడలను, మడతలను రాచి కడిగి, బోర్లించక ఎండవైపు తెరచి నాలుగు గంటలు ఆరబెట్టవలెను. ఆరిన పిదప బోర్లింపవలెను. ఎండ, పొడిదనము కలిసి, పీచుకు అందక మిగిలిన జీవులను చాలావరకు నశింపజేయును.

ఆరవది అన్నిటికంటె ముఖ్యమైనది. రెండంగుళముల నీటిలో కూడ పసివాడు మునిగి ప్రాణము విడువవచ్చును. బోర్ల పడిన బిడ్డ కేక వేయలేడు. కనుక తొట్టి వద్ద ఒక పెద్ద మనిషి చేతికందు దూరమున ఎడతెగక ఉండవలెను. ఫోను మ్రోగినను, పాలు పొంగినను, బిడ్డను ఎత్తుకొనియే లేవవలెను. అక్కయ్యకో అన్నయ్యకో అప్పగించి పోరాదు, వారును పిల్లలే.

పారబోసిన నీరు పారబోసినట్లు కాదు. మందు కలుపని నీటిని పూల మొక్కలకు, చెట్ల పాదులకు పోయవచ్చును, వాకిలి చల్లవచ్చును, మరుగుదొడ్డికి వాడవచ్చును. పచ్చిగా తిను కొత్తిమీర, పుదీన మడులకు మాత్రము పోయరాదు. ఒకేచోట గుంటగా నిలువనీయరాదు. అట్లు చేసినచో 113 లీటర్లలో వృథా అయినది అత్యల్పము.

విద్యార్థులకు, కళాశాల సమితికి విన్నపము

ఈ విషయములన్నియు పుస్తకములలో ఉన్నవే. కాని పుస్తకమునుండి వాకిటికి రావలసిన దూరము మిగిలి ఉన్నది. ఆ దూరమును దాటించుట విద్యార్థుల పని. తమ వీధిలో తొట్టి గల ఇంటివారికి, ఉర్దూ మాటాడు ఇంట ఉర్దూలోను, తెలుగు మాటాడు ఇంట తెలుగులోను, నాలుగు మాటలు చెప్పగలవారు మన కళాశాల విద్యార్థులే. ఇది మనకున్న భాగ్యము. చెప్పునప్పుడు తప్పు పట్టుచున్నట్లు గాక, లోతు లెక్కను చూపినచో చాలును. నీరు పొదుపు చేయగోరు ఇల్లాలు ఆ లెక్కను ఇట్టే గ్రహించును.

కళాశాల సమితివారికి మేము మూడు సూచనలు చేయుచున్నాము. నీటిలో మిగిలిన క్లోరిన్‌ను రంగును బట్టి తెలుపు క్లోరోస్కోపు పెట్టె ఒకటి రసాయన ప్రయోగశాలకు తెప్పించినచో విద్యార్థులు కళాశాల కుళాయి నీటిని తామే పరీక్షింపగలరు. ఎండలో పెట్టిన నీటిలో క్లోరిన్ గంట గంటకు ఎట్లు తరుగునో చూచుట కూడ ఉపయోగకరమైన ప్రయోగమే. రెండవది, కళాశాల ఆవరణలోని తొట్లు, కూలర్లు, పూలకుండీల పళ్ళెములు వారమునకొకసారి ఒలికించి ఆరబెట్టు ఏర్పాటు. మూడవది, జాతీయ సేవా పథకము శిబిరములలో ఈ విషయమును ఒక పాఠముగా చేర్చుట. ఈ మూడింటికి కావలసిన ధనము స్వల్పము. కావలసిన శ్రద్ధయే అధికము.

పరిశుభ్రత అనగానే ఖరీదైన యంత్రములు, ఘాటైన మందులు మన కండ్ల ముందు మెదలును. వడపోత లేని తొట్టి విషయమున అవి ఏవియు అక్కరలేదు. తక్కువ నీరు, ఆనాటి నీరు, ఒక పీచు, కొంత ఎండ, ప్రక్కన ఒక పెద్ద మనిషి. ఇవి పేద ఇంటను కలవు, ధనిక గృహమునను కలవు. నీటిని ఆనాడే ఒలికించుట అను ఒక్క పనివలన విరేచనములు, జిగురు, దోమలు, మునక అను నాలుగు ఆపదలు తగ్గుచున్నవి. ఈ వేసవిలో మన ఇండ్ల పసివారు చల్లగా ఆడుకొని, ఆరోగ్యముతో మరల బడికి పోవుదురుగాక!